పిప్ కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అక్కా?

ఈసారి వచ్చిన ఉత్తరం కాస్త పెద్దది. పేరు వద్దన్నారు, కంపెనీ పేరూ వద్దన్నారు, కాబట్టి విషయం మాత్రం చెప్తా. రాసినాయన ఒక కంపెనీలో కస్టమర్ సపోర్ట్ టీమ్ లీడ్, కింద 14 మంది ఏజెంట్లు. తనూ అదే ఫ్లోర్ మీద ఐదేళ్ళు కాల్స్ తీసుకుని పైకొచ్చినాయనే, టీఎల్ అయ్యి ఏడాదిన్నర అయింది. పోయిన మూడు నెలల్లో టీమ్ సీశాట్, అంటే కాల్ అయ్యాక వెళ్ళే సర్వేలో "బాగుంది" అన్నవాళ్ళ శాతం, 88 నుంచి 82కి పడిపోయింది. మేనేజర్ పిలిచి ఇంకో మూడు నెలల్లో 90 కావాలి, ఒక్కో కాల్‌కి పట్టే సగటు టైమ్ కూడా 9 నిమిషాల నుంచి 6కి దించాలి అన్నాడట. రెండూ ఒకేసారి. ఎలా సార్ అంటే "అది నీ పని" అన్నాడట.

అసలు గొడవ మాత్రం ఇద్దరు ఏజెంట్ల దగ్గర ఉంది. ఒకావిడ టీమ్‌లో అందరికన్నా సీనియర్, కొత్తవాళ్ళకి ఏ డౌట్ వచ్చినా ముందు ఆవిడ సీటు దగ్గరికే పరిగెడతారు, కోపంగా ఉన్న కస్టమర్ ఎవరొచ్చినా కాల్ తిరిగి తిరిగి ఆవిడ దగ్గరికే చేరుతుంది. పోయిన నెల ఆవిడకి 31 సర్వేలు వస్తే 24 మంది బాగుంది అన్నారు, అంటే 77 శాతం, సగటు కాల్ టైమ్ 13 నిమిషాలు, టీమ్‌లో ఆఖరి స్థానం. బాగోలేదు అన్న 7 మందిలో 5 మందిది ఒకటే గోల, రీఫండ్ రాలేదు. రెండో మనిషి ఒక కుర్రాడు, 17 సర్వేల్లో 16 బాగున్నాయి, 94 శాతం, కాల్ టైమ్ 5 నిమిషాలు, వరసగా రెండు నెలలు స్టార్ పెర్ఫార్మర్. మనాయన ఒకరోజు కూర్చుని ఆ కుర్రాడి కాల్స్ విన్నారట. కస్టమర్ గొంతు కాస్త పెరగగానే "మా సీనియర్ మాట్లాడతారండి ఒక్క నిమిషం" అని లైన్ ఆవిడ మీదికి తోసేస్తున్నాడు, మిగతావి సమస్య తేలినా తేలకపోయినా టికెట్, అంటే ఆ ఫిర్యాదు నమోదు, క్లోజ్ కొట్టేస్తున్నాడు.

"ఇప్పుడు మేనేజర్ ఆవిడ్ని పిప్‌లో పెట్టమంటున్నాడు అక్కా, పేపర్లు రెడీ అయిపోయాయి, శుక్రవారం లోపల నేను సంతకం పెట్టాలి. పెడితే రేపు ఆవిడ మొహం ఎలా చూడాలి, పెట్టకపోతే నా సంగతేంటి, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు" అని రాశారు. పిప్ అంటే తెలియనివాళ్ళకి, పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్, పేరుకి మెరుగుపడమని ఇచ్చే గడువు, చాలా ఆఫీసుల్లో మాత్రం మనిషిని బయటికి పంపేముందు తయారుచేసుకునే ఫైలు.

ఇక ఉత్తరం అంతా అయిపోయాక, కింద పేరు వద్దని కూడా రాసేశాక, ఇంకో నాలుగు లైన్లు ఉన్నాయి. "ఇంకో మాట అక్కా. నంబర్ పడిపోతోందని రెండు నెలల కింద నేనే టీమ్‌కి చెప్పా, కస్టమర్ హ్యాపీగా ఉన్నాడనిపిస్తేనే సర్వే లింక్ పంపండి అని. అందరూ అలాగే చేస్తున్నారు. ఆవిడ ఒక్కరే వినలేదు, నాకు అలాంటివి చేతకాదు బాబూ అని అందరికీ పంపేస్తారు."

అక్కా అని పిలిచారు కాబట్టి ఆ చనువుతోనే కాస్త గట్టిగా మాట్లాడతా, ఏమీ అనుకోకండి.

తమ్ముడూ, మీ ఉత్తరం మొత్తంలో అసలైన ముక్క ఆ చివరి నాలుగు లైన్లే. మీరు మేనేజర్ గురించి పేజీన్నర రాశారు, కుర్రాడి గురించి అర పేజీ, మీ గురించి మాత్రం ఆఖర్న ఏదో గుర్తొచ్చినట్టు ఇరికించారు. ఒక్కసారి వెనక్కి వెళ్ళి లెక్క చూడండి. ఆవిడకి 31 సర్వేలు, కుర్రాడికి 17, ఎందుకంత తేడా? ఆవిడ అందరినీ అడుగుతోంది, మిగతావాళ్ళు నవ్వినవాళ్ళనే అడుగుతున్నారు. అంటే ఆవిడ 77నీ కుర్రాడి 94నీ పక్కపక్కన పెట్టి చూడ్డానికే లేదు, అవి ఒకే పరీక్ష మార్కులు కావు, ఒకరు సిలబస్ అంతా రాశారు, మిగతావాళ్ళు తెలిసిన ప్రశ్నలే రాశారు. ఆ తేడా తెచ్చింది మేనేజర్ కాదు, మీరు. మీరు చెప్పిన తప్పు పని చేయనందుకు ఆవిడ ఆఖర్న నిలబడింది, ఇప్పుడు ఆ ఆఖరి స్థానాన్ని చూపించి ఆవిడ మీద పెట్టే కాగితం మీద మీ సంతకం అడుగుతున్నారు. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

దీంట్లో ఇంకో విషయం కూడా ఉంది, మీరు గమనించారో లేదో. ఏరి ఏరి పంపినా మీ టీమ్‌కి 82 వచ్చింది. అంటే అసలు నంబర్ అంతకన్నా తక్కువే. ఎంత తక్కువో ఇప్పుడు మీకూ తెలీదు మీ మేనేజర్‌కీ తెలీదు, ఎందుకంటే థర్మామీటర్‌ని మీరే చన్నీళ్ళలో పెట్టారు.

మిమ్మల్ని తిట్టడానికి చెప్పట్లేదు ఇదంతా. నేనూ ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే. ఒకమ్మాయి నంబర్లు బాలేవని పిప్‌లో పెట్టా, నెల తిరక్కుండా వెళ్ళిపోయింది, నేను కూడా హమ్మయ్య అనుకున్నా, ఆ సీట్లోకి ఒకబ్బాయి వచ్చాడు, మంచి చురుకైనవాడు, రెండు నెలలకి చూస్తే అబ్బాయి నంబర్ కూడా అచ్చం అక్కడే. అప్పుడు వెళ్ళి చూస్తే ఆ సీటుకి వచ్చే క్యూనే వేరు, డెలివరీ పాడైన కేసులన్నీ రూటింగ్‌లో అటే పోతున్నాయి. ఎవర్ని కూర్చోబెట్టినా అంతే. ఆ అమ్మాయికి ఫోన్ చేసి సారీ చెప్పడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది, అది వేరే కథ.

డెమింగ్ అని ఒక అమెరికన్ స్టాటిస్టిక్స్ పెద్దాయన ఉండేవాడు, 1950లో జపాన్ వెళ్ళి అక్కడి కంపెనీ పెద్దలకి క్వాలిటీ పాఠాలు చెప్పినాయన. ఆయన తన క్లాసుల్లో ఒక ఆట ఆడించేవాడు. ఒక డబ్బా నిండా పూసలు, అయిదింటిలో ఒకటి ఎర్రది, మిగతావి తెల్లవి. 50 గుంటలున్న ఒక చిన్న పలక ఇచ్చి క్లాసులో కొందరిని వర్కర్లుగా నిలబెట్టి, పలకని డబ్బాలో ముంచి తియ్యండి, తెల్లవే రావాలి, ఎర్రది వస్తే డిఫెక్ట్ అనేవాడు. ఒకరికి 6 ఎర్రవి వస్తాయి, ఇంకొకరికి 14. 6 వచ్చినోణ్ణి అందరి ముందు మెచ్చుకుంటాడు, 14 వచ్చినోడికి వార్నింగ్ ఇస్తాడు. తర్వాతి రౌండ్‌లో మెచ్చుకున్నోడికే ఎక్కువ ఎర్రవి వస్తే నీకు పొగరెక్కింది అంటాడు. క్లాసంతా నవ్వుకుంటూ ఉంటుంది, మెల్లగా ఆ నవ్వు ఆగిపోతుంది, ఎందుకంటే పాపం ముంచేవాళ్ళ చేతుల్లో ఏమీ లేదు, ఎర్ర పూసలు డబ్బాలో పోసింది మేనేజ్‌మెంట్.

మీ ఫ్లోర్ మీద రీఫండే ఆ ఎర్ర పూస. రీఫండ్ వెయ్యాల్సింది అకౌంట్స్ వాళ్ళు, ఏజెంట్ స్క్రీన్ మీద కనపడేది "ప్రాసెస్‌లో ఉంది" అనే ఒక్క ముక్క, ఎన్ని రోజులో లేదు, ఎవరి దగ్గర ఆగిందో లేదు. కస్టమర్ పదోరోజు ఫోన్ చేసి అరుస్తాడు, ఆవిడ సర్దిచెప్తుంది, సర్వేలో ఒకటి కొట్టి పోతాడు. అత్త మీద కోపం దుత్త మీద అంటారే అదే. ఆ 5 రేటింగులు ఆవిడకి వచ్చినవి కావు, అకౌంట్స్ వాళ్ళవి ఆవిడ పేరు మీద పడ్డాయి.

లెక్క వేసి చూస్తే ఆ 5 తీసేస్తే 26లో 24, అంటే 92 శాతం. ఇది చదవగానే మీకు ఉత్సాహం వచ్చి ఉంటుంది, మేనేజర్‌కి ఇదే చూపించేద్దామని. వద్దు. రీఫండ్ కాల్స్‌లో బాగుంది అన్నవాళ్ళు కూడా ఉంటారుగా, చెడ్డవి మాత్రమే తీసి మంచివి ఉంచుకుంటే అదీ మీరు చేసిన సర్వే లింక్ పనే, కాకపోతే ఈసారి మంచి మనసుతో. తియ్యాలంటే రీఫండ్ కాల్స్ మొత్తం తియ్యండి, ఆవిడకే కాదు 14 మందికీ, అప్పుడు చూడండి. లేదా రీఫండ్ కాల్స్ ఒక్కటే తీసి ఎవరికి ఎంత వచ్చిందో చూడండి, ఆవిడ మిగతావాళ్ళకన్నా పైన ఉన్నా నేను ఆశ్చర్యపోను, కింద ఉన్నా అదీ మీకు తెలియాల్సిన విషయమే.

ఇంకోటి, ఇంత చిన్న అంకెల మీద మనిషి ఉద్యోగం తేల్చకూడదు. కుర్రాడి 17లో ఒక్క మనిషి అంటే దాదాపు 6 శాతం. వచ్చే నెల ఇంకో ఇద్దరికి కోపం వస్తే 14 బై 17, అంటే 82, మీ స్టార్ పెర్ఫార్మర్ కాస్తా టీమ్ సగటు అయిపోతాడు. వాడిలో ఏ మార్పూ లేకుండానే. కనీసం మూడు నాలుగు నెలలవి కలిపి చూడాలి, అదీ అందరికీ సర్వే వెళ్తున్నప్పుడే.

సరే ఇప్పుడు ఆ 13 నిమిషాల సంగతి. దీని మీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువ, అందుకే సాగదీస్తా. కాల్ టైమ్ అనేది కంపెనీ ఖర్చు చూసుకోడానికి పెట్టుకున్న కొలత, దాంట్లో తప్పు లేదు, మనుషులెంతమంది కావాలో లెక్కెయ్యాలంటే అది ఉండాల్సిందే. 1909లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే ఇంజినీరు మొదలుపెట్టిన లెక్కలే ఈరోజుకీ రోస్టర్లు వేసే సాఫ్ట్‌వేర్ల లోపల ఉన్నాయి, గంటకి ఎన్ని కాల్స్, ఒక్కోటి ఎంతసేపు అని. కానీ ఆ లెక్కలో గంటకి ఎన్ని కాల్స్ అనేది కూడా సగం ఉంది కదా! మీ మేనేజర్ "ఎంతసేపు" ఒక్కటే పట్టుకున్నాడు. ఆవిడ 13 నిమిషాలు మాట్లాడి సమస్య తేల్చేస్తే ఆ కస్టమర్ మీద కంపెనీ పెట్టింది 13 నిమిషాలు. కుర్రాడు 5 నిమిషాల్లో క్లోజ్ కొడితే, కస్టమర్ మళ్ళీ ఫోన్ చేసి ఇంకొకరికి కథంతా మొదట్నుంచి చెప్పుకుని 9 నిమిషాలు, అదీ తేలక మూడోసారి ఇంకో 9, మొత్తం 23. పైగా ఆ 18 నిమిషాలు వేరేవాళ్ళ ఖాతాలో పడతాయి, కుర్రాడి పేరు మీద 5 మాత్రమే కనిపిస్తుంది. కుర్రాడు ఆదా చేసిందేమీ లేదు, పక్కవాళ్ళ జేబులోకి తోశాడంతే.

బ్రిటన్‌లో జాన్ సెడన్ అనే ఆయన దీనికి ఒక పేరు పెట్టాడు, ఫెయిల్యూర్ డిమాండ్ అని. అంటే కస్టమర్‌కి నిజంగా అవసరమై చేసిన కాల్ కాదు, మనం చెయ్యాల్సింది చెయ్యక, లేదా సరిగ్గా చెయ్యక మన మీదకే తిరిగొచ్చిన కాల్. మీరొక రోజు కూర్చుని మీ టీమ్‌కి వచ్చిన కాల్స్‌లో ఓ వంద తీసుకుని రెండు కుప్పలు పెట్టండి, ఇది కొత్త అవసరమా, ఇది మన నిర్వాకమా. "నా రీఫండ్ ఏమైంది", "నిన్న ఫోన్ చేశాను", "ఎవరో కాల్ చేస్తా అన్నారు చెయ్యలేదు" ఇవన్నీ రెండో కుప్ప. ఆ కుప్ప సైజు చూశాక కాల్ టైమ్ 6 నిమిషాలకి ఎలా దించాలి అనే ప్రశ్నే మారిపోతుంది, ఈ కాల్ అసలు ఎందుకొచ్చింది అనేదగ్గరికి వస్తారు. 2010లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన ఒక వ్యాసం, 75 వేల మందికి పైగా కస్టమర్లని అడిగి రాసింది, చెప్పింది కూడా దాదాపు ఇదే, కస్టమర్‌ని మురిపించాలని చూడక్కర్లేదు, వాడి శ్రమ తగ్గించండి, మళ్ళీ ఫోన్ చెయ్యాల్సిన పని లేకుండా చూడండి అని. నవ్వుతూ మాట్లాడమని ట్రైనింగ్ ఇచ్చే డబ్బులో సగం ఆ రీఫండ్ స్క్రీన్ మీద ఒక తేదీ కనపడేలా చెయ్యడానికి పెడితే మీ సీశాట్ దానంతటదే లేస్తుంది, ఇది మాత్రం నేను గట్టిగానే చెప్తా.

మీ మేనేజర్ చెడ్డవాడా? ఉత్తరం చదివితే అలాగే అనిపిస్తుంది, కానీ ఆయనకీ పైనుంచి ఒక ఎక్సెల్ షీట్ వచ్చి ఉంటుంది, దాంట్లో ఒక గడి ఎర్రగా ఉంటుంది, దాన్ని పచ్చగా చెయ్యమంటారు. 1975లో స్టీవెన్ కెర్ అనే ప్రొఫెసర్ ఒక పేపర్ రాశాడు, కంపెనీలు ఒకటి కావాలని ఆశపడుతూ ఇంకోదానికి బహుమతి ఇస్తాయి, తర్వాత మనుషులు చెడిపోయారని ఏడుస్తాయి అని. మీ దగ్గర జరుగుతున్నది అచ్చు అదే. సమస్య తేలాలని ఆశ, బహుమతి మాత్రం తొందరగా ఫోన్ పెట్టేసినోడికి.

ఇది ముదిరితే ఎక్కడికి పోతుందో తెలుసు కదా, అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు. ఒక్కో కస్టమర్‌కి 8 ప్రొడక్టులు అమ్మాలని ఆ బ్యాంకు టార్గెట్, బ్రాంచీల్లో ఒత్తిడి, కిందివాళ్ళు కస్టమర్లకి తెలియకుండానే వాళ్ళ పేర్ల మీద అకౌంట్లు తెరిచేశారు. 2016 సెప్టెంబర్‌లో బయటపడేసరికి 18.5 కోట్ల డాలర్ల జరిమానా, అప్పటికే దాదాపు 5,300 మంది ఉద్యోగులు ఆ పని చేసినందుకు ఇంటికి పోయి ఉన్నారు. సీఈఓ కూడా అక్టోబర్‌లో దిగిపోయాడు, అయినా ముందు పోయింది ఎవరో చూశారుగా. మీ సర్వే లింక్ వ్యవహారం దాని ముందు చాలా చిన్నది, నేనేమీ భయపెట్టట్లేదు, కానీ దారి అదే దారి. రేపు ఎవరైనా ఆడిట్ చేసి ఏజెంట్ల వారీగా సర్వేలు ఎన్ని వెళ్ళాయో తీస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది, అప్పుడు "మేనేజర్ ఒత్తిడి పెట్టాడు" అంటే ఎవరూ వినరు, చెప్పింది మీరు కాబట్టి.

ఇప్పుడు శుక్రవారం సంగతికి వద్దాం. మీ ముందు నాకు కనపడే దారులు ఇవి, ఏది పడతారో మీ ఇష్టం, దేనికి ఏం కట్టాలో మాత్రం చెప్తా.

సంతకం పెట్టేయొచ్చు. మేనేజర్ ఈ నెలకి శాంతిస్తాడు. ఆవిడ బహుశా గడువు దాకా కూడా ఆగరు, అంత అనుభవం ఉన్న మనిషికి బయట పని దొరుకుతుంది. తర్వాత నెల ఏమవుతుందంటే కుర్రాడు ట్రాన్స్‌ఫర్ చెయ్యడానికి ఎవరూ ఉండరు, ఆ కోపం కాల్స్ మిగిలిన 13 మంది మీద పంచుకుని పడతాయి, కొత్తవాళ్ళకి డౌట్ చెప్పేవాళ్ళుండరు, మీ 82 ఇంకా కిందకి. అప్పుడు ఇంకొకరు ఆఖర్న ఉంటారు, ఎవరో ఒకరు ఎప్పుడూ ఆఖర్న ఉంటారు కదా, ఇంకో కాగితం వస్తుంది. ఇక టీమ్ నేర్చుకునే పాఠం, చెప్పినట్టు లింక్ దాచినవాళ్ళు బతికారు దాచనావిడ పోయింది అని. దాన్ని మీరు తర్వాత ఏ మీటింగ్ పెట్టినా చెరపలేరు.

సంతకం పెట్టను అని మొండికెయ్యొచ్చు. వినడానికి బాగుంటుంది. కానీ కారణం అడిగితే ఏం చెప్తారు? ఆవిడ మంచిది అంటే "నంబర్ చూడు" అంటాడు. సర్వే విషయం దాచిపెట్టి ఆవిడ తరఫున వాదించడం కుదరదు, ఎందుకంటే ఆవిడ తరఫున మీ దగ్గరున్న అతిపెద్ద సాక్ష్యమే ఆ సర్వే విషయం. పైగా మీరు ఒప్పుకోకపోతే కాగితం మీద ఇంకొకరి సంతకం వస్తుంది, మీ పేరు కూడా ఆ లిస్టులోకి ఎక్కుతుంది, ఆవిడకి ఒరిగేదేమీ ఉండదు.

మధ్యలో ఒక దారి ఉంది, కష్టమైంది. శుక్రవారం కన్నా ముందే మేనేజర్ దగ్గరికి వెళ్ళి ముందు మీ తప్పు చెప్పండి. "సార్ ఈ రెండు నెలల సీశాట్ నమ్మదగ్గది కాదు, లింకులు ఏరి పంపమని నేనే చెప్పాను, నిన్నట్నుంచి ఆపించాను." అంతే, పెద్ద కథ వద్దు, మీ వల్లే అని ఆయన మీదకి తొయ్యొద్దు. ఆపించాను అని చెప్పేముందు నిజంగా ఆపించండి, టీమ్‌ని నిలబెట్టి నేను చెప్పింది తప్పు, ఈరోజు నుంచి ప్రతి కాల్‌కీ లింక్ వెళ్ళాలి అని. తర్వాత మేనేజర్‌ని ఒక్కటి అడగండి, పిప్ ఆపమని కాదు, ఆరు వారాలు వాయిదా. అందరికీ సర్వే వెళ్ళిన నంబర్, రీఫండ్ కాల్స్ విడిగా, వారం లోపల మళ్ళీ ఫోన్ చేసిన కస్టమర్లు ఏజెంట్ల వారీగా, ట్రాన్స్‌ఫర్ ఎవరి నుంచి ఎవరికి ఎన్ని, ఈ నాలుగూ తెస్తాను, అప్పుడు కూడా ఆవిడ ఆఖర్నుంటే నేనే సంతకం పెడతా అనండి. ఆ చివరి మాట ఊరికే అనడం కాదు, అన్నాక కట్టుబడి ఉండాలి.

దీనికి మీరు కట్టే ఖరీదు తక్కువేం కాదు. మీ మీద మరక పడుతుంది, అప్రైజల్ పోవచ్చు, టీఎల్ కుర్చీ కూడా పోవచ్చు, నేను పోదని హామీ ఇవ్వలేను. టీమ్ నంబర్ మొదటి వారంలోనే దభేల్మని పడుతుంది, 82 కాదు 74 కూడా చూడొచ్చు, దాన్ని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే "నువ్వు నిజం చెప్పాక ఇంకా పాడైంది" అంటారు. మాట్లాడిన రోజే ఒక చిన్న మెయిల్ పెట్టండి, మనం అనుకున్నది ఇది అని నాలుగు లైన్లలో. గొడవకి కాదు, రేపు ఎవరికీ మతిమరుపు రాకుండా.

మేనేజర్ వినకుండా "ఇదంతా నాకొద్దు, ముందు సంతకం పెట్టు" అంటే? అప్పుడు ఆయన పైనున్నవాళ్ళ దగ్గరికో హెచ్ఆర్ దగ్గరికో వెళ్ళడం ఉంది. వెళ్ళొచ్చు, కానీ ముందు ఆయనకి చెప్పే వెళ్ళండి, వెనకనుంచి వెళ్ళారన్న పేరు వస్తే మీ డేటా ఎవరూ చూడరు. హెచ్ఆర్ దగ్గర న్యాయం అన్యాయం అని మొదలుపెట్టకండి, "ఈ పిప్‌కి ఆధారంగా పెట్టిన నంబర్లు తప్పుగా సేకరించినవి, నా దగ్గర రుజువుంది" అనండి, ఆ భాష వాళ్ళకి తొందరగా ఎక్కుతుంది. ఇక ఉద్యోగం మారిపోవడం అనే దారి ఎప్పుడూ ఉంది, రెజ్యూమె అప్డేట్ చేసి పెట్టుకోవడంలో తప్పేం లేదు, కానీ ఈ ముడి విప్పకుండా వెళ్తే ఆవిడ ఫైలు అలాగే ఉండిపోతుంది, కొత్త చోట కూడా ఇలాంటి ఎక్సెల్ షీటే ఉంటుంది.

కుర్రాడి గురించి రెండు మాటలు. వాణ్ణి విలన్ చెయ్యకండి. మీరు కొలిచిందే వాడు తెచ్చిచ్చాడు, మీరే రెండుసార్లు స్టేజ్ ఎక్కించి చప్పట్లు కొట్టించారు. ఇప్పుడు పిలిచి "నువ్వు మోసం చేస్తున్నావు" అంటే వాడు రేపట్నుంచి ఇంకా తెలివిగా చేస్తాడంతే. 1996లో క్లూగర్, డెనిసీ అని ఇద్దరు, ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన రీసెర్చ్ అంతా కలిపి చూశారు, మూడింట ఒక వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని ఇంకా పాడైందట. మాట పని మీద నుంచి మనిషి మీదకి జారినప్పుడు అలా అవుతుందని వాళ్ళ వివరణ. కాబట్టి వాడి కాల్ ఒకటి పెట్టి, ట్రాన్స్‌ఫర్ కొట్టిన ఆ సెకను దగ్గర ఆపి, "ఇక్కడ నీకేమనిపించింది, ఏం తెలిస్తే నువ్వే తేల్చేవాడివి" అని అడగండి. చాలాసార్లు జవాబు చాలా మామూలుగా ఉంటుంది, "ఆయన అరుస్తుంటే నాకు చేతులు వణుకుతాయి" అనో, "ఆ స్క్రీన్ నాకు ఓపెన్ అవదు" అనో. అప్పుడు వాడికి కావాల్సింది పిప్ కాదు, వారానికి రెండు గంటలు ఆవిడ పక్కన హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చోవడం. ఆవిడ ఎలా మాట్లాడుతుందో వింటే, కోపంగా ఉన్న మనిషికి మొదటి రెండు నిమిషాలు ఎందుకు అడ్డుపడకూడదో వాడికే అర్థమవుతుంది, ఆ 13 నిమిషాలు ఎటు పోతున్నాయో కూడా.

ఆ 13లో అన్నీ మంచి నిమిషాలే అని కూడా నేననట్లేదు. వెతుకుతూ హోల్డ్‌లో పెట్టే టైమ్ ఉండొచ్చు, రెండుసార్లు చెప్పిందే చెప్తూ ఉండొచ్చు, సీనియర్లకి ఆ అలవాటు ఉంటుంది, నాకూ ఉంది, చూస్తున్నారుగా. అది 13 నుంచి 11 అవ్వొచ్చు. ఆవిడ్ని తప్పు లేని మనిషిగా నిలబెట్టాలని చూస్తే మీ వాదన బలహీనమవుతుంది.

ఇంక ఆవిడతో మాట్లాడాలి. మేనేజర్‌తో మాట్లాడిన తర్వాత, అందరి ముందూ కాదు, విడిగా. పిప్ గురించి మీరేం చెప్పొచ్చో మీ కంపెనీ రూల్ ఉంటుంది, దాని జోలికి పోకండి, కానీ సర్వే విషయంలో "మీరు చేసిందే కరెక్టు, నేను చెప్పింది తప్పు, దానివల్ల మీ నంబర్ మీద దెబ్బ పడింది" అని చెప్పడానికి ఏ రూలూ అడ్డు రాదు. ఆవిడ ఏమీ అనకపోవచ్చు, తల ఊపి హెడ్‌సెట్ పెట్టుకోవచ్చు. ఆశించకండి.

ఈ ఉత్తరం మీకు అందేసరికి ఏ వారమో తెలీదు, శుక్రవారం దాటిపోయి ఉంటే కూడా పెద్ద తేడా లేదు, సంతకం పెట్టేసి ఉన్నా సర్వే విషయం చెప్పొచ్చు, తప్పు నంబర్ల మీద మొదలైన పిప్‌ని వెనక్కి తీసుకోమని అడగొచ్చు, కాస్త ఎక్కువ సిగ్గు పడాలంతే. ముందు మాత్రం ఈరోజు షిఫ్ట్ అయ్యాక ఒక గంట ఉండి, ఆవిడకి బాగోలేదు అని వచ్చిన ఆ 7 కాల్స్ మొదట్నుంచి చివరిదాకా వినండి. స్కోరు షీట్ పక్కన పెట్టుకోకుండా. రీఫండ్ వాళ్ళు 5 మంది సరే, మిగతా ఇద్దరి గురించి మీరు ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు, వాళ్ళేమన్నారో నాకూ తెలుసుకోవాలని ఉంది, విన్నాక రాయండి.